దంతెవాడ దారి: నడక ముగిసిన తరువాత

శరన్నవరాత్రులు వచ్చాయంటే జగ్దల్‌పూరు నుంచి దంతెవాడకు పోయే రహదారి స్వరూపమే మారిపోతుంది. లారీలకూ బస్సులకూ అలవాటుపడిన ఆ తారురోడ్డు మీద మనుషులు బారులు తీరి నడుస్తూ కనిపిస్తారు. కొందరి కాళ్లకు చెప్పులుండవు. కొందరు పిల్లలను భుజాన ఎత్తుకొని ఉంటారు. తోకాపాల్, కిలేపాల్ గ్రామాలను దాటి, బస్తానార్ ఘాట్ దిగి, గీదం మీదుగా సాగే ఈ దారి పొడవునా పందిళ్లు వెలుస్తాయి. అక్కడ అన్నం పెట్టేవారు, మంచినీళ్లు అందించేవారు, బొబ్బలెక్కిన పాదాలకు కట్లు కట్టేవారు ఉంటారు. శంఖినీ, డంకినీ నదులు కలిసే చోట వెలసిన దంతేశ్వరీ దేవి గుడి చేరేసరికి ఆ భక్తులు నడిచిన దూరం సుమారు 85 కిలోమీటర్లు.

ఆ దూరం ఎంతటిదో గ్రహించడానికి ఒక్క పోలిక చాలు. ఒలింపిక్ క్రీడల్లో మారథాన్ పరుగు దూరం 42.195 కిలోమీటర్లు. అంతకు మించిన పరుగును అల్ట్రామారథాన్ అంటారు. అటువంటి పందేలలో ప్రసిద్ధమైన దక్షిణాఫ్రికా కామ్రేడ్స్ మారథాన్ 1921లో ఆరంభమైంది. డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ నగరాల మధ్య జరిగే ఆ పరుగు సుమారు 90 కిలోమీటర్లు. బస్తరు భక్తుల నడక దానికి దీటైనదే. అయితే ఇక్కడ గడియారం లేదు, పతకం లేదు. కొందరు రాత్రీ పగలూ ఏకబిగిన నడుస్తారు. కొందరు మజిలీలు చేసుకుంటూ వెళతారు.

ఈ దారి కథలో తెలుగువారికి కూడా భాగముంది. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సుల్తానుల వశమైన తరువాత, ప్రతాపరుద్రుని సోదరుడని చెప్పే అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి బస్తరు రాజ్యాన్ని స్థాపించాడని సంప్రదాయం. దేవి అతని వెంట నడిచిందట. వెనుదిరిగి చూడకుండా ఎంత దూరం పోతే అంత దూరమూ అతని రాజ్యమేనని వరమిచ్చిందట. నదీసంగమంలోని ఇసుకలో ఆమె అందెల చప్పుడు వినిపించక, రాజు తిరిగి చూశాడు. దేవి అక్కడే నిలిచిపోయింది. గొప్ప నడక ఒకటి ఆగిపోయిన చోట పుట్టిన క్షేత్రం ఇది.

ఈనాటి నడక కూడా అక్కడే ఆగుతుంది. దర్శనం చేసుకొని, నదిలో కాళ్లు కడుక్కొని, భక్తులు తిరుగు బస్సు ఎక్కుతారు. శరీరం మాత్రం మరో ప్రయాణం మొదలుపెడుతుంది. దానికి రోజులు కాదు, వారాలు పడుతుంది. ఆ రెండో ప్రయాణాన్ని ఎలా సాగించాలో తెలిసినవాడే మళ్లీ దూరం నడవగలడు, దూరం పరుగెత్తగలడు.

మరునాడు ఉదయం మొదట మొరాయించేవి తొడ కండరాలు. ఎక్కేటప్పటి ఆయాసం చూసి ఎక్కడమే కష్టమని అందరూ అనుకొంటారు. నిజానికి కండరాన్ని ఎక్కువగా గాయపరిచేది దిగడం. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపవలసి వస్తుంది. ఆ పనిలో దాని సన్నని పోగులు చిట్లుతాయి. నొప్పి వెంటనే కాక, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుంది. గుడి మెట్లు చకచకా ఎక్కినవాడు ఎల్లుండి ఇంటి గడప దాటడానికి గోడ పట్టుకోవడం అందుకే.

ఈ దశలో జరిగే పెద్ద పొరపాటు నొప్పి మాత్ర. ఎడారుల్లోనూ కొండల్లోనూ రోజుల తరబడి సాగే పరుగుల్లో, 80 కిలోమీటర్ల ఒక దశలో పాల్గొన్న 89 మందిపై జరిపిన పరిశోధన 2017లో వెలువడింది. ఐబుప్రొఫెన్ వేసుకొన్నవారిలో 52 శాతం మందికి మూత్రపిండాలు తాత్కాలికంగా దెబ్బతిన్నట్లు తేలింది. ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవారిలో ఆ సంఖ్య 34 శాతం. నీరు ఇంకిపోయిన ఒంటికి, చిట్లిన కండరాల నుంచి రక్తంలో చేరే పదార్థాలను వడకట్టే పని ముందే భారంగా ఉంటుంది. మాత్ర ఆ భారాన్ని పెంచుతుంది. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే అది అలసట కాదు, ఆసుపత్రికి పోవలసిన సూచన.

అలాగని నీళ్లు అదే పనిగా తాగినా ప్రమాదమే. కామ్రేడ్స్ పరుగు వంటి దీర్ఘ వ్యాయామాల్లో మితిమీరి నీరు తాగి, రక్తంలో ఉప్పు పలచబడి స్పృహ తప్పినవారి సంగతిని దక్షిణాఫ్రికా వైద్యుడు టిమొతీ నోక్స్, ఆయన సహచరులు 1985లో వైద్యలోకం దృష్టికి తెచ్చారు. దప్పిక తీరేంత తాగడం, ఉప్పు కలిసిన ఆహారం తినడం, ఈ రెండూ చాలు.

ఆ ఆహారం బస్తరు వంటింట్లో సిద్ధంగానే ఉంటుంది. ఇక్కడివారు మండియా పేజ్ అని పిలిచే పానీయం మనకు కొత్తది కాదు. రాగిపిండిని కొద్దిగా పులియబెట్టి, నూకలతో కలిపి కాచిన అంబలి అది. సొరకాయ బుర్రలో పోసుకొని పొలానికీ సంతకూ తీసుకుపోతారు. నీరు, పిండిపదార్థం ఒక్క గుక్కలో అందుతాయి. నూరు గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు మించి సున్నం ఉంటుంది. చిట్లిన కండరాన్ని తిరిగి అల్లుకోవడానికి కావలసిన మాంసకృత్తులు మాత్రం అంబలిలో తక్కువ. ఆ లోటును ఉలవలు, మినుములు, గుడ్లు, చేపలు పూరించాలి. ఇక మన ఏజెన్సీలో జీలుగు అనే చెట్టునే ఇక్కడ సల్ఫీ అంటారు. పండుగ నాడు దాని కల్లు లేని పల్లె అరుదు. అయితే మత్తు పదార్థం నిద్రను చెడగొడుతుంది, ఒంట్లోని నీటిని తోడేస్తుంది. దూరం నడిచి వచ్చినవాడు కొన్నాళ్లు దానికి దూరంగా ఉండడమే మేలు.

ఇంతవరకు చెప్పినది ఏ దేశపు పరుగువీరునికైనా వర్తిస్తుంది. బస్తరులో అదనంగా చూసుకోవలసినవి రెండున్నాయి.

మొదటిది జ్వరం. దీర్ఘమైన పరుగు తరువాత జలుబు, గొంతునొప్పి రావడం సాధారణమే. 1982లో కేప్‌టౌన్‌లో జరిగిన 56 కిలోమీటర్ల పందెం తరువాత రెండు వారాల్లో, పరుగెత్తినవారిలో మూడో వంతు మందికి అవి కనిపించాయి. కాని బస్తరు మలేరియా సీమ. 2020 జనవరిలో ఆరంభమైన మలేరియా నిర్మూలన ఉద్యమంలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి రక్తపరీక్షలు చేసినప్పుడు, వ్యాధి ఉన్నట్లు తేలినవారిలో సగానికి పైగా మందిలో ఏ లక్షణమూ లేదు. అటువంటి చోట నడక తరువాతి నీరసాన్నీ చలినీ అలసట ఖాతాలో వేయడం సాహసం. వేలి కొసన చుక్క రక్తం తీసి పరీక్షిస్తే నిమిషాల్లో సందేహం తీరుతుంది.

రెండోది సికిల్ సెల్. మధ్య భారతంలోని గిరిజనుల్లో తరతరాలుగా వస్తున్న ఈ రక్తదోషంలో ఎర్రకణాలు కొడవలి ఆకారం దాలుస్తాయి. దాని నిర్మూలనకు జాతీయ కార్యక్రమం 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహ్‌డోల్‌లో మొదలైంది. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మాత్రమే ఈ లక్షణం సంక్రమించినవారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. అమెరికా సైన్యంలో సుమారు 48,000 మంది నల్లజాతి సైనికులను పరిశీలించి 2016లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఆ లక్షణం వల్ల మరణభయం పెరగలేదు. అయితే తీవ్ర శ్రమ వల్ల కండరాలు కరిగిపోయే ప్రమాదం 54 శాతం ఎక్కువని తేలింది. కనుక పరుగు మానవలసిన పని లేదు. రక్తం సంగతి ముందే తెలుసుకొని, ఎండను తప్పించి, మెల్లగా మొదలుపెట్టి, మధ్యమధ్య ఆగడం నేర్చుకోవాలి.

ఆగడం, అసలు చిక్కు అక్కడే ఉంది. దసరా వెళ్లగానే బస్తరులో వరికోతలు మొదలవుతాయి. ఇక్కడి సేద్యం చాలావరకు వాన మీద ఆధారపడిన ఒక్క పంట. కోసే రోజున కొడవలి పట్టకపోతే ఏడాది తిండి పోతుంది. పట్టణాల్లోని పరుగువీరుడు సెలవు పెట్టి మంచం మీద పడుకోగలడు. వంగి కోసేవాని తొడలకూ నడుముకూ ఆ సెలవు దొరకదు. గ్రామాల్లో పరుగు సాధన చేసే యువకుల్లో సైన్యంలోనో పోలీసు దళంలోనో ఉద్యోగం ఆశించేవారు ఎందరో. సైనిక భర్తీలో 1.6 కిలోమీటర్ల పరుగు తప్పనిసరి. ఒక వారం సాధన తప్పితే వెనుకబడిపోతామన్న భయం వారిని నొప్పి తగ్గకముందే దారికెక్కిస్తుంది. నొప్పి తగ్గినా స్నాయువులూ ఎముకలూ కోలుకోవడానికి ఇంకా చాలా కాలం పడుతుంది. ఆ మధ్యకాలంలో తొందరపడి పరుగెత్తితే ముంగాలి ఎముకలో సన్నని పగులు ఏర్పడుతుంది. అది మానేలోపు భర్తీ తేదీ దాటిపోవచ్చు. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలన్న సామెత పరుగెత్తేవారికే ఎక్కువ అవసరం.

నిలబడడం సోమరితనం కాదని బస్తరు దసరాయే చాటుతుంది. 75 రోజుల పాటు సాగే ఆ ఉత్సవంలో జోగి బిఠాయి అనే ఘట్టం ఒకటుంది. జగ్దల్‌పూరులోని సిరాసార్ భవనంలో, నేలలో తవ్విన గుంటలో, హల్బా తెగకు చెందిన ఒక యువకుడు తొమ్మిది రోజులు ఉపవాసముండి కదలక కూర్చుంటాడు. పండుగ నిర్విఘ్నంగా సాగాలన్నదే అతని దీక్ష. అటు రహదారి మీద వేలమంది నడుస్తూ ఉంటారు, ఇటు ఒక్కడు కదలకుండా ఉంటాడు. రెండింటినీ జనం వ్రతాలుగానే గౌరవిస్తారు. నవమి నాడు అతణ్ణి లేవదీసేవరకు అతను లేవడు. లేచే గడియ అతని ఓపిక మీద కాక, వ్రతనియమం మీద ఆధారపడి ఉంటుంది. దూరం పరుగెత్తేవాని విశ్రాంతికి కూడా అటువంటి నియమమే కావాలి.

ఆ నియమానికి చక్కని కొలత ఇచ్చినవాడు న్యూజీలాండ్‌కు చెందిన జాక్ ఫాస్టర్. 1974లో క్రైస్ట్‌చర్చ్ కామన్వెల్త్ క్రీడల మారథాన్‌లో రజత పతకం గెలిచేనాటికి అతని వయసు 41 సంవత్సరాలు. పందెంలో పరుగెత్తిన ప్రతి మైలుకూ ఒక రోజు చొప్పున, తరువాత కఠిన సాధన చేయరాదన్నది అతని సూత్రం. ప్రయోగశాలలో తేల్చినది కాకపోయినా, అది అనుభవం చెప్పిన లెక్క. 85 కిలోమీటర్లంటే సుమారు 53 మైళ్లు, కనుక 53 రోజులు. 2024లో విజయదశమి అక్టోబరు 12న వచ్చింది. ఆ రోజు నుంచి లెక్కిస్తే డిసెంబరు 4 వరకు గడువు. బస్తరులో అది వరికోతల కాలమే.

ఆ 53 రోజులూ కాళ్లు కట్టుకొని కూర్చోనక్కరలేదు. మొదటి వారం పరుగు మాటే వద్దు. తిండి, నిద్ర, ఇంటి చుట్టూ నడక చాలు. రెండో వారంలో సంతకు నడిచి వెళ్లి రావచ్చు, బరువు మాత్రం మరొకరికి అప్పగించాలి. మూడు, నాలుగు వారాల్లో రోజు విడిచి రోజు, పక్కవానితో మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత మెల్లగా, అరగంట. తారురోడ్డు కన్న పొలాల మధ్య మట్టిదారి మేలు. దిగుడు దారులను చివరకు ఉంచుకోవాలి. నిద్ర లేవగానే మంచం మీదనే నాడి లెక్కించడం అలవాటు చేసుకోవాలి. రోజూ ఉండే సంఖ్య కన్న అది స్పష్టంగా పెరిగితే ఆ రోజు విశ్రాంతి. కోతల్లో వంగిన రోజును కూడా సాధన చేసిన రోజుగానే లెక్కలో వేసుకోవాలి. పొలం పనినీ పరుగునూ ఒకే రోజున శరీరం మీద మోపకపోవడమే పేదవాని చేతిలో ఉన్న విశ్రాంతి.

ఇలా ఓపిక పట్టినవారికి తగిన గమ్యం కూడా బస్తరులోనే ఉంది. 2025 మార్చి 2న నారాయణపూరు నుంచి బాసింగ్ వరకు 21 కిలోమీటర్ల అబూజ్‌మఢ్ శాంతి హాఫ్ మారథాన్ జరిగింది. అబూజ్‌మఢ్ అంటే తెలియరాని కొండలని అర్థం. 1980లలో బయటివారి ప్రవేశంపై ఆంక్షలు విధించగా, 2009లో గాని వాటిని ఎత్తివేయలేదు. ఆ తరువాత కూడా తుపాకుల భయంతో దారులు మూతబడే ఉన్నాయి. అటువంటి సీమ వైపు పోయే రోడ్డు మీద వేలాది మంది తెల్లవారుజామున నిర్భయంగా పరుగెత్తడమే అక్కడ పెద్ద వార్త.

డిసెంబరు 4 నుంచి ఆ మార్చి ఉదయానికి 88 రోజులు. పన్నెండు వారాలకు పైమాటే. దసరాకు దంతెవాడ నడిచి వచ్చి, 53 రోజులు ఓర్చుకొని, కోతలు ముగించుకొని, మంచు కురిసే ఉదయాల్లో మట్టిదారుల మీద దూరాన్ని కొద్దికొద్దిగా పెంచుకొన్నవారికి అది చాలినంత వ్యవధి. ఆ ఉదయం నారాయణపూరులో బరి మీద నిలబడినవాని కాళ్లకు నొప్పి లేకపోతే, నాడి నిదానంగా కొట్టుకొంటే, దంతెవాడ నడక అతనికి ఆనాటితో పూర్తయినట్లు.