ఆరుబయట రాక్షసబల్లి

మన కోయంబత్తూరు సామికణ్ణు విన్సెంటుగారు రైల్వే ఆఫీసులో పని చేస్తూ, 1905లో ఒక ఫ్రెంచివాని వద్ద సినీమా యంత్రం కొని, ఊరూరా డేరా వేసి చూపించారు. 1914లో ఈ ఊళ్ళోనే వెరైటీ హాలు కట్టారు. ఆఫీసు గుమాస్తాలమైన మాబోటి వాళ్ళకు ఈ సంగతి చెప్పుకోవడం కాస్త గర్వమే. డేరాలు పోయినవి గాని, చాపలు పరచుకుని నలుగురితో కూర్చుని చూచే సుఖం ఇంకా పోలేదు.

మొన్న వేసవి సెలవులలో మా వీధి పిల్లలు రెండు గుంజలకు తెల్లదుప్పటి కట్టి, రాత్రిపూట ‘జురాసిక్ పార్క్’ వేశారు. 1993లో వచ్చిన ఇంగ్లీషు చిత్రమది. మధుర నుంచి వచ్చిన చుట్టాలతో సహా అందరమూ కూర్చున్నాము. గాలి వీచినప్పుడల్లా దుప్పటి ఉబ్బి, తెరమీది జంతువు నిజంగా ఊపిరి పీలుస్తున్నట్లే ఉండినది. చిన్నవాళ్ళు ఒక్కొక్కరే ముసలివాళ్ళ ఒడిలోకి చేరారు.

ఒక పసివాడు అరవమూ తెలుగూ కలిపి అడిగాడు: “అవ్వా, దీనికి మన భాషలో పేరేమి?”

మేము గుటకలు మింగాము. ఇంట్లో మాట్లాడేది తెలుగే గాని, బడిలో చదివినది అరవము, ఆఫీసులో రాసేది ఇంగ్లీషు. అవ్వ మాత్రం తడుముకోలేదు.

“ఇంత బల్లిని రాక్షసబల్లి అనక ఏమనేదిరా?” అన్నది.

ఆమెకు తెలుగు అక్షరాలు రావు. అయినా ఆంధ్రదేశపు పుస్తకాలలో ఉన్నదీ ఆ మాటే! ఎన్నో తరాల క్రిందట ఊరు విడిచి వచ్చిన మన భాషకు కొత్త వస్తువుకు పేరు పెట్టే సత్తా ఇంకా ఉన్నదని మాకు ధైర్యం కలిగింది.

“ఇవి తిరుమల నాయకుని కాలంలో ఉండినవా?” అన్నాడు మరొకడు.

1529లో విశ్వనాథ నాయకుడు మధుర ఏలిక చేపట్టడం మొన్నటి మాట. ఇవి 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ క్రిందటనే నశించినవని చెప్పాము. పరదేశాలలోనే కాదు, మన అరియలూరు ప్రాంతంలోనూ వీటి ఎముకలు దొరికినవి. ఆ దాపుననే సాత్తనూరులో రాయిగా మారిన 18 మీటర్ల చెట్టుమాను ఉన్నది. తెలంగాణాలో, పూర్వపు ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి వద్ద దొరికిన రాక్షసబల్లికి 1988లో ‘కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్’ అని నామకరణం చేశారు. దాని అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉన్నది. ఒక తెలుగు పల్లె పేరు శాస్త్రగ్రంథాలకు ఎక్కినదని వినగానే, పిల్లలు నోరు తిరగని ఆ పేరును పోటీలుపడి పలికారు.

పిల్లలకు తెలుగు రాకుండా పోతున్నదని సభలలో చింతించడం మనకు అలవాటు. పాఠకులకు మా మనవి ఒక్కటే. మీ వీధిలోనూ ఒక రాత్రి ఇటువంటి చిత్రం వేయండి. పిల్లల నడుమ అవ్వలనూ తాతలనూ కూర్చోబెట్టండి. పిల్లలు ఎట్లాగూ ప్రశ్నలు అడుగుతారు. పెద్దలు తమకు వచ్చిన తెలుగులోనే జవాబు చెబుతారు.