ఓడిన రాజులయందు మక్కువ యేల?

ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని సంఘమువారు కోరినపుడు, మేము తంజావూరి సరస్వతీమహలును గూర్చియో త్యాగరాజస్వామిని గూర్చియో వ్రాయుదుమని తలచియుందురు. మావంటి వృద్ధులనుండి పాఠకులు ఎదురుచూచునదియు అదియే. కాని రెండేండ్లుగా మా మనస్సును పట్టియుంచిన విషయము వేఱొకటి కలదు. అది ఇంగ్లండు దేశపు పండితుడొకడు కల్పించిన ఎల్ఫు రాజుల కథ. ఆ రాజులు ఒకరి తరువాత ఒకరు కూలిపోయినవారు. వారి రాజ్యములలో మిగిలినది లేదు. అయినను వారిని ఆత్మబంధువులవలె ప్రేమించువారు దేశదేశములందు కలరు. అట్టివారిలో మా మనుమడొకడు.

మేము పదవ తరగతితో చదువు చాలించి, గుమాస్తాగా ముప్పదియాఱేండ్లు దస్త్రములు వ్రాసి విశ్రమించినవారము. ఆంగ్ల సాహిత్యమునుగూర్చి తీర్పు చెప్పు యోగ్యత మాకు లేదు. మనుమడు చదివి చెప్పగా విన్నది, విని ఆలోచించినది మాత్రమే ఇందు విన్నవించుచున్నాము.

మనుమడు పదునొకండవ తరగతి చదువుచుండగా సెలవులకు చెన్నపట్టణమునుండి వచ్చెను. వచ్చిన నాడే తన గది గోడకు ఒక పటము అంటించెను. కొండవంటి నల్లని రాక్షసుడొకడు ఆయుధమెత్తి నిలిచియుండెను. వాని పాదములచెంత వెండి కవచము తొడిగిన యోధుడొకడు కత్తి దూసి నిలిచియుండెను. “గెలిచినది ఎవరురా?” అని అడిగితిమి. “ఆ చిన్నవాడు చచ్చిపోయినాడు తాతా. అందుకే పటము పెట్టుకొన్నాను” అనెను.

పటము క్రింద వంకరలు తిరిగిన అందమైన అక్షరములతో ఏదియో వ్రాసియుండెను. అరబ్బీ లిపియా యని అడిగితిమి. “కాదు తాతా, తెంగ్వార్. ఎల్ఫుల లిపి. రెండు నెలల్లో నేర్చుకొన్నాను” అనెను. మాకు ఒడలు మండెను. తన పేరును తెలుగున వ్రాయనేరని బిడ్డ, లేని జాతి లిపిని రెండు నెలలలో నేర్చుకొనెనట! “లేనివాళ్ల అక్షరాలు వచ్చునుగాని, ఉన్న తాత అక్షరాలు రావా?” అని కఠినముగా పలికితిమి. వాడు తల వంచుకొని, “నాకు ఎవరు నేర్పినారు తాతా?” అనెను.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. తెల్లవారిన పిదప వానిని పిలిచి, ఆ చిన్నవాని కథ యేమో చెప్పుమంటిమి. నాటినుండి సెలవులు ముగియువఱకు ప్రతి సాయంకాలము వాడు చదివి, తనకు వచ్చిన తెలుగులో చెప్పెను. మేము వింటిమి.

ఆ కథలను వ్రాసినవాడు జె. ఆర్. ఆర్. టోల్కీన్. 1892లో దక్షిణాఫ్రికాలోని బ్లూంఫోంటైన్ నగరమున జన్మించి, చిన్ననాటనే తండ్రిని, పండ్రెండవయేట తల్లిని కోల్పోయెను. మొదటి ప్రపంచయుద్ధమున 1916లో ఫ్రాన్సులోని సోమ్ నదీ ప్రాంతపు పోరులో నుండి, కందకముల జ్వరము సోకి స్వదేశము చేరెను. బాల్యమునుండి ఆప్తులైన మిత్రులలో ఇద్దరు ఆ సంవత్సరముననే యుద్ధమున మరణించిరి. ఆ దుఃఖపు దినములలోనే, అనారోగ్యముతో నుండి, గొండోలిన్ అను ఎల్ఫు నగరము కూలిన కథను వ్రాసెను. తరువాత ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. 1937లో వెలువడిన “హాబిట్”, 1954, 1955 సంవత్సరములలో వెలువడిన “లార్డ్ ఆఫ్ ది రింగ్స్” ఆయనకు కీర్తి తెచ్చెను. కాని ఆయన జీవితమంతయు దిద్దుచు వచ్చినది ప్రాచీన ఎల్ఫుల కథలను. 1937లో ప్రచురణకర్తలు వానిని స్వీకరింపలేదు. 1973లో ఆయన మరణించిన పిదప కుమారుడు క్రిస్టఫర్ ఆ వ్రాతలను కూర్చి “సిల్మరిలియన్” అను పేర 1977లో వెలువరించెను. కూలిన రాజుల చరిత్రయంతయు అందులో కలదు.

ఎల్ఫులనగా పిల్లల కథలలోని చిట్టి దేవతలు కారు. ఇంచుమించు మన గంధర్వులవంటివారు; పొడగరులు, అందగాండ్రు, గానప్రియులు. వారిని ముసలితనము గాని రోగము గాని చంపజాలదు. ఆయుధముచేతనో, తీరని దుఃఖముచేతనో మాత్రమే మరణింతురు. వారిలో నోల్డోరు అను తెగవారు పశ్చిమ సముద్రమునకు ఆవలనున్న దివ్యభూమిలో సుఖముగా ఉండిరి. వారి రాజకుమారుడైన ఫియనోర్ సిల్మరిల్లులను మూడు మణులు చేసెను. మోర్గోత్ అను దుష్టశక్తి వారి రాజును చంపి ఆ మణులను అపహరించెను. ఫియనోరును అతని కుమారులును ఘోరమైన ప్రతిజ్ఞ చేసి, మణులకై నోల్డోరును వెంట తీసికొని బయలుదేరిరి. త్రోవలో ఓడలకొఱకు తోటి ఎల్ఫులనే చంపిరి. అటుపై జరిగిన సర్వనాశమునకు ఆ రక్తమే బీజము.

గోడమీది పటములోని యోధుడు ఫియనోరు సవతి తమ్ముడైన ఫింగోల్ఫిన్. అన్న ఓడలను తగులబెట్టి తనవారిని ఆవలి యొడ్డుననే విడిచిపోగా, మంచుకొండలు ఒరసికొను ఉత్తర మార్గమున ప్రజలను నడిపించుకొని వచ్చినవాడు. నోల్డోరుకు రాజై నాలుగు వందల యేండ్లకు పైగా శత్రువును ఉత్తరమున నిరోధించెను. తుదకు మోర్గోత్ అగ్నిప్రవాహములను విడిచి ముట్టడిని ఛేదించెను. తన ప్రజలకు సర్వనాశము దాపురించెనని తలచి, ఫింగోల్ఫిన్ గుఱ్ఱమెక్కి ఒంటరిగా శత్రుదుర్గపు ద్వారమునకు పోయి, ద్వంద్వయుద్ధమునకు రమ్మని కేక వేసెను. మోర్గోత్ వెఱచెను, అయినను తన సేనానుల యెదుట పిఱికి యనిపించుకొనజాలక వచ్చెను. ఫింగోల్ఫిన్ వానికి ఏడు గాయములు చేసెను. మూడు మార్లు మోకాళ్లపై కూలి మూడు మార్లు లేచెను. కడపట శత్రువు పాదము క్రింద నలుగుచు, ఆ పాదముననే కత్తి దింపి ప్రాణము విడిచెను. అది మొదలు మోర్గోత్ కుంటుచునే యుండెను. గ్రద్దల రాజొకటి వచ్చి ఆ దేహమును కొండశిఖరమునకు చేర్చెను.

ఆ యుద్ధమునుగూర్చి ఎల్ఫులు పాటలు కట్టలేదని గ్రంథమున నున్నదట. దుఃఖము అంత లోతైనది. కాని వారు పాడని పాటను 1998లో జర్మనీ దేశపు బ్లైండ్ గార్డియన్ అను గాయకబృందము పాడెను. మనుమడు చెవికి గొట్టములు తగిలించి మాకు వినిపించెను. ఆ రొద మాకు పట్టుబడలేదుగాని, వాని కన్నులు చెమ్మగిలుట చూచితిమి.

మాకు నచ్చినవాడు మాత్రము ఫిన్రోద్. నార్గొత్రోండ్ అను గుహానగరమునకు రాజు. యుద్ధమున తన ప్రాణము కాపాడిన మానవునకు మాట యిచ్చియుండెను. ఏండ్లు గడచిన పిదప ఆ మానవుని కుమారుడైన బెరెన్ సాయము కోరి వచ్చెను. పోయినచో చావు నిశ్చయమని రాజునకు తెలియును. ప్రజలు వెంట రామనిరి. కిరీటమును తీసి క్రింద వేసి, పదిమంది తోడ బయలుదేరెను. సౌరోన్ అను మాంత్రికునితో పాటలతో పోరాడి ఓడెను, చెఱలో పడెను. బెరెనును తినవచ్చిన తోడేటి రక్కసిని వట్టి చేతులతో చంపి, ఆ గాయములతో తానును మరణించెను. ఆ చెఱ ఒకప్పుడు అతడు కట్టించుకొన్న కోటయే.

మఱి ఇద్దరిని గూర్చి క్లుప్తముగా చెప్పెదము. టుర్గోన్ కట్టిన గొండోలిన్ నగరము కొండల నడుమ దాగియుండెను. విడిచిపొమ్మని దైవహెచ్చరిక వచ్చినను, తాను కట్టినదానియందలి మమకారముచేత విడువలేదు. మేనల్లుని ద్రోహముచే నగరము కూలగా తానును దానితో కూలెను. గిల్-గలాద్ కడపటి మహారాజు. మానవరాజుతో కలసి సౌరోనును పడగొట్టి, ఆ పోరుననే మరణించెను. 2022లో ఆరంభమైన ధారావాహికలో ఈయన కనబడును. దాని తెలుగు అనువాదమును మనుమడు చూపగా, ఎల్ఫు మహారాజు మన భాష పలుకుట విని మా యింటియామె నవ్వు ఆపుకొనలేకపోయెను.

ఈ రాజులపై అభిమానము కాలక్షేపము మాత్రము కాదని మేము నెమ్మదిగా గ్రహించితిమి. ఇంగ్లండులో టోల్కీన్ సంఘము 1969లో స్థాపింపబడి నేటికిని నడచుచున్నది. ఎల్ఫు భాషల పరిశోధనకై పత్రికలు కలవు. ఫియనోర్ అపరాధియా, అన్యాయమునకు గుఱియైనవాడా యని అభిమానులు వాదించుకొందురట. మనవారు అరుగులమీద కర్ణునిగూర్చి వాదించుకొనునది ఇట్లే గదా!

ఓడినవారియందు ఇంత మక్కువ యేల? వారు ఓడినందువలన కాదని మా తలంపు. చావులేని జాతివారు చావును కోరి ఎదుర్కొనిరి. వారి దోషమును వారి గుణమును ఒకే వేరునుండి పుట్టినవి: టుర్గోనును చెఱచినది తన నగరముపై ప్రేమయే, ఫిన్రోదును చంపినది తన మాటయే. గెలుపు లేదని తెలిసియు చేయవలసినది చేసినవానిని చూచినపుడు, చిన్న బ్రతుకులు బ్రతుకు మనకుకూడ వెన్ను నిటారగును. ఇద్దరు మిత్రులను పోగొట్టుకొని వచ్చిన యువకుడు ఈ కథలను వ్రాయ మొదలిడెననుట మఱువరాదు.

ఇక మమ్ము కలచివేసిన ఘట్టమును చెప్పవలసియున్నది. థింగోల్ అను రాజు సముద్రమునకు ఈవలనే నిలిచిపోయిన ఎల్ఫులకు ప్రభువు. నోల్డోరు ఓడలకొఱకు చంపినది తన తమ్ముని ప్రజలనే యని తెలియగా, వారి భాషయైన క్వెన్యా తన రాజ్యమున వినబడరాదని శాసించెను. వలసవచ్చిన నోల్డోరు స్థానికుల భాషయైన సిందారిన్ పలుకసాగిరి. క్వెన్యా ప్రభువుల యిండ్లలోను, గ్రంథములలోను మాత్రమే మిగిలెను. తరువాత థింగోలును మణి కొఱకే తన భూగర్భ నగరమున హతుడయ్యెను. అతని రాజ్యమును పోయెను. క్వెన్యా మాత్రము పాటలలోను పేర్లలోను నిలిచెను. టోల్కీన్ ముందుగా కల్పించినది భాషలనట. ఆ భాషలు పలుకువారికి ఒక లోకము కావలెనని కథలు కల్పించెనట.

ఇది వినుచుండగా మాకు మా తంజావూరు కనబడెను. 1673లో మధుర చొక్కనాథ నాయకుని సేనలు ఈ కోటను ముట్టడింపగా, వృద్ధుడైన విజయరాఘవ నాయకుడు పోరాడి కూలెను. కొట్టినవారును తెలుగు ప్రభువులే, కూలినవారును తెలుగు ప్రభువులే. రాజు తానే తెలుగు కవి. రాజ్యము పోయెను. కాని తరువాత వచ్చిన మరాఠా రాజుల కొలువునందును తెలుగు యక్షగానములు వెలువడెను. శాహజీ మహారాజు స్వయముగా వ్రాసెను. తిరువైయాఱున త్యాగరాజస్వామి పాడినదియు తెలుగే. కిరీటము పోయినను పలుకు నిలుచుననుటకు మాకు దూరదేశపు కథ అక్కఱలేదు.

మఱి మా యింట ఆ పలుకు ఎందుకు తఱిగెను? ఏ థింగోలును మమ్ము నిషేధింపలేదు. తమిళనాట తమిళమును నిర్బంధ పాఠ్యము చేసిన చట్టము 2006 నాటిది. మా కుమారుడు బడికి పోయినది అంతకు ముందు. నాడు మార్కులు ఎక్కువ వచ్చునని వేఱు భాష నిప్పించినవారము మేమే. ఇంట అక్షరములు దిద్దించుటకు సాయంకాలములు లేకపోలేదు. దస్త్రములపేర, అలసటపేర వాయిదా వేసితిమి. కొడుకునకు చదువను వ్రాయను రాదు, మాటాడును. మనుమడు సగము మాటాడును. “నాకు ఎవరు నేర్పినారు?” అను ప్రశ్నకు మూల మిది. దానిని ఇతరులపై నెట్టుట మాకు తగదు.

అందుచేత మనుమనితో ఒక ఒప్పందము చేసికొంటిమి. వాడు రోజున కొక కథ చెప్పవలెను. మేము రోజునకు అయిదు అక్షరములు దిద్దించవలెను. తెంగ్వార్ నేర్చిన చేతికి తెలుగు వంపులు కష్టము కాలేదు. “ఇవి కూడా ఎల్ఫుల అక్షరాల మాదిరే ఉన్నాయి తాతా” అనెను. మేము కోపగించుకొనలేదు, అది వాని నోట మెప్పు.

మీ యిండ్లలోని పిల్లలును ఇట్టి కథలనో ఆటలనో పట్టుకొని కూర్చుండవచ్చును. వానిని తిట్టి దూరము చేసికొనకుడు. ఓడిన రాజునకై ఏడ్వగల బిడ్డ, నిలుపదగినదానిని నిలుపగలడు. ఆ కథ మనకు చెప్పుమని అడుగుదము. మన భాషలో చెప్పుమందము.

సెలవులు ముగిసి మనుమడు పోయిన దినమున గది సర్దుచు పటము చూచితిమి. తెంగ్వార్ వ్రాత క్రింద, పెన్సిలుతో, తెలుగున “పింగోల్పిన్” అని వ్రాసియుండెను. రెండు తప్పులు కలవు. దిద్దుటకు పెన్సిలు చేత పట్టితిమి. వచ్చు సెలవులకు వాడే దిద్దుకొనునని విడిచితిమి.