కదలని పొలాలు, కదిలే కొడుకులు

మీకు ఒక కూతురు, ఇద్దరు కొడుకులు అనుకుందాం. ఊళ్లో పెంకుటిల్లు, చెరువు కింద నాలుగెకరాల మాగాణి. ఎవరికెంత రాస్తారు? అప్పుడే వేళ్లు మడిచి లెక్కలు మొదలెట్టకండి. కాసేపు సుమత్రా ద్వీపం వెళ్లొద్దాం. ఆ కొండపల్లెల్లో ఈ ప్రశ్నే పుట్టదు. ఇల్లు కూతురిది, పొలమూ కూతురిదే. మరి కొడుకులకో? బస్సుంది కదండీ!

ఇండొనేసియాలో పశ్చిమ సుమత్రా మినాంగ్‌కబావ్ జనం గడ్డ. మతానికి గట్టి ముస్లిములు, వంశానికి మాత్రం తల్లి వైపు. తల్లి పేరున వంశం లెక్కపెట్టే జాతుల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది వీళ్లదేనంటారు. పదాంగ్ తీరం నుంచి పైకెక్కితే మరాపి అగ్నిపర్వతం (జావాలో ఉన్న మెరాపి వేరు, ఇది వేరు) ఒడిలో పరియాంగన్ అని ఓ ఊరుంది. తమ పూర్వీకులు మొట్టమొదట కాపురం పెట్టింది అక్కడేనని వాళ్ల పాత గాథలు చెబుతాయి. మెట్లు మెట్లుగా వరి మళ్లు, మసీదు పక్కనే వేడినీళ్ల ఊటలు. కొండ మాత్రం సాధువు కాదు. 2023 డిసెంబరులో పేలితే, ఎక్కడానికి వెళ్లినవాళ్లు ఇరవైమందికి పైగా పోయారు.

ఇళ్లు చూస్తే మీకు ముచ్చటేస్తుంది. రుమా గడాంగ్ అంటారు, అంటే పెద్దిల్లు. కప్పు రెండు కొసలా కొమ్ముల్లా పైకి లేచి ఉంటుంది. పూర్వం నల్లటి చెట్టునారతో నేసేవారు, ఇప్పుడు చాలాచోట్ల జింకు రేకులే. ముందు పొడుగాటి చావడి, వెనక వరసగా చిన్న గదులు. పెళ్లయిన కూతురికల్లా ఓ గది. అబ్బాయిలకి గది లేదు! కాస్త ఊహ తెలిసేసరికి రాత్రిళ్లు సురావ్ అనే ప్రార్థనశాలలో పడక. ఖురాను, సిలాత్ అనే పోరాట విద్య, పెద్దల కబుర్లు అన్నీ అక్కడే. ఈ రోజుల్లో ఆ పడకలు దాదాపు లేవు గానీ, మొన్నమొన్నటి తాతలందరూ అలా పెరిగినవాళ్లే.

పెళ్లయ్యాక మగవాడు రాత్రికి భార్య ఇంటికి వెళ్లేవాడు. పొద్దున లేచి తల్లి పొలంలో పనికి దిగేవాడట. మన దగ్గర ఇల్లరికం అంటే ఎంత ఎత్తిపొడుపో మీకు చెప్పక్కర్లేదు. అక్కడ ఊరంతా ఇల్లరికమే, ఇక ఎవరు ఎవర్ని అంటారు? అయినా సామెత మాత్రం వదల్లేదు: అల్లుడంటే మోడు మీది బూడిద, గాలి వీస్తే ఎగిరిపోతాడట. తీరాన పరియామన్ వైపు అయితే పెళ్లికొడుకు కోసం పిల్లవాళ్లే డబ్బు కడతారు. 'ఓస్, ఇందులో వింతేముంది?' అంటారా? ఆగండి. మనవాళ్లు డబ్బూ ఇచ్చి పిల్లనీ పంపుతారు. వాళ్లు డబ్బిచ్చి పిల్లాణ్ణి తెచ్చుకుంటారు. బేరం తెలిసినవాళ్లెవరో మీరే చెప్పండి.

అసలు రుచి ఆస్తి సంగతిలో ఉంది. పూర్వీకుల నుంచి వచ్చిన భూమిని పెద్ద పూసాకా అంటారు. అది ఏ ఒక్కరిదీ కాదు, తల్లి వంశం మొత్తానిది. అమ్మకూడదు. తాకట్టు పెట్టాలన్నా ఆచారం ఒప్పుకునేవి నాలుగే కారణాలు. ఇంట్లో శవం లేచే దారి లేకపోవడం ఒకటి. ఈడొచ్చిన పిల్లకి పెళ్లి కాకపోవడం. పెద్దిల్లు కారడం. వంశంలో ఖాళీ పడిన పెద్దరికాన్ని తిరిగి నిలబెట్టే ఖర్చు. అంతే. అబ్బాయి మోటారు సైకిలు, మామగారి ఎన్నికలు ఈ జాబితాలో లేవు. చదువు కూడా లేదు, అది నాకు నచ్చలేదు. కానీ ఇల్లు కారడాన్ని చావుతో సమానంగా కూర్చోబెట్టిన చట్టం నేను మరెక్కడా వినలేదు.

అలాగని ఆడవాళ్ల రాజ్యం అని మురిసిపోకండి. భూమి ఆడవాళ్ల పేర నడిచినా వంశపెద్ద మగవాడే, పెంగులు అంటారు. ఇంటి మాట చెప్పేది మేనమామ. తండ్రికన్నా మేనమామకే మేనల్లుళ్ల బాధ్యత ఎక్కువ. అయితే ఇంటి పెద్దావిడ ఊఁ అనందే ఆయన మాట వీధి దాటదు.

మరి తండ్రి సొంతంగా సంపాదించిందో? దీని మీద శతాబ్దం పైగా గొడవ. మతం కొడుకుకీ వాటా ఇమ్మంటుంది, ఆచారం అక్కచెల్లెళ్ల పిల్లలకి ఇమ్మంటుంది. చివరికి 1952లో బుకిత్తింగిలో వంశపెద్దలూ మతపండితులూ చదువుకున్నవాళ్లూ కూర్చుని తేల్చారు: పూర్వీకుల ఆస్తి ఆచారం ప్రకారం, స్వార్జితం మతం ప్రకారం. ఆ తరవాత 1960లో భూమి చట్టం, దాని వెనకే పట్టాలు వచ్చాయి. బ్యాంకువాడు ఎవరి పేరని అడుగుతాడు. వంశం అంటే అతని ఫారంలో గడి లేదు.

ఇక మగవాడికి ఊళ్లో మిగిలింది లపావ్, అంటే కాఫీ కొట్టు. డామినో ముక్కలు, రాజకీయాలు. కొన్నిచోట్ల కాఫీ గింజకి బదులు కాఫీ ఆకు మరిగించి కొబ్బరిచిప్పలో పోసిస్తారు. 1847 నుంచి 1908 దాకా డచ్చివాళ్లు గింజంతా తమకే కొలవమన్నారు, జనానికి ఆకే మిగిలిందని అక్కడ చెప్పుకుంటారు. 1908లో కాఫీ నిర్బంధం ఎత్తేసి పన్ను వేస్తే కమాంగ్‌లో జనం తిరగబడ్డారు.

కొట్లో కూర్చుంటే కడుపు నిండదు కదా, అందుకని దేశం వెళ్లిపోతాడు. మెరంతావ్ అంటారు. వయసొచ్చిన కుర్రాడు బయటికెళ్లి డబ్బో చదువో సంపాదించి రావాలి. మనిన్‌జావ్ సరస్సు దగ్గర ఘాట్‌రోడ్డుకి 44 వంపులు, ప్రతి వంపుకీ నంబరు పలక. 1937లో పెట్టిన బస్సు కంపెనీ ఇంకా నడుస్తోంది. ఆ బస్సులు రాత్రీ పగలూ పరిగెత్తి, సుందా జలసంధి ఓడ మీద దాటి జకార్తా చేరతాయి. దారికి రెందాంగ్ కడతారు. కొబ్బరిపాలల్లో నీరంతా ఇగిరేదాకా వేయించిన మాంసం, వారాల తరబడి చెడదు. ఇండొనేసియాలో ఏ ఊరెళ్లినా పదాంగ్ హోటలు ఉండేది వీళ్ల వల్లే. బల్ల మీద పదిహేను గిన్నెలు పెట్టేసి, తిన్నవాటికే డబ్బులు తీసుకుంటారు.

హోటళ్లేనా? దేశానికి తొలి ఉపాధ్యక్షుడు హట్టా, తొలి ప్రధాని షహ్రీర్, విప్లవకారుడు తాన్ మలాకా, రచయిత హంకా, అందరూ ఇక్కడివాళ్లే. వీళ్లకి ఊళ్లో నాలుగెకరాలు రాసిచ్చి ఉంటే కదిలేవారంటారా? నాకైతే అనుమానమే.

రంజాన్ పండక్కి మాత్రం దేశం పోయినవాళ్లంతా కార్లు వరస కట్టుకుని కలిసి ఊరికొస్తారు. మసీదుకి రంగులు, పెద్దింటికి కొత్త రేకులు వాళ్ల డబ్బే. రేకులు వేయించినవాడికి ఆ ఇంట్లో గది లేదు, అది అక్కచెల్లెళ్లది. అడిగితే నవ్వుతాడు.

ఇప్పుడు కొత్త చిక్కొకటి వచ్చింది. కూతుళ్లూ చదువుకుని బస్సెక్కుతున్నారు. జకార్తాలో భార్యాభర్తలూ పిల్లలే కాపురం, సంపాదన పిల్లలకే. ఊళ్లో పెద్దిళ్లు చాలా తాళాలేసి ఉన్నాయి. పొలం సగపాలికి ఇచ్చేస్తున్నారు. అమ్మడానికి లేదు, వదలడానికీ లేదు. పాలికి తీసుకున్నవాడు పంట సరిగ్గా కొలిచాడా లేదా అని చూసే పని ఊళ్లో మిగిలిన మేనమామ మీద పడింది. కొలత తేడా వస్తే జకార్తా నుంచి మేనకోడళ్ల ఫోన్లకి జవాబు చెప్పుకోవలసిందీ ఆయనే.