మా యింటి గీజరు

నలమహారాజునకు అగ్నివరుణులు వరము లిచ్చిరనియు, తలచినంతనే నిప్పును నీరును ఆయనకు లభించుచుండెననియు చిన్ననాడు మా తండ్రిగారి యొద్ద భారతకథ వినుచు నేర్చుకొంటిని. స్విచ్చి నొక్కినంతనే వేడినీరు వచ్చు నీ దినములలో మనమందరమును నలుని వంటివారమే యని నవ్వుకొనుచుండెడిదానను. ఆ నవ్వు నా కెట్లు మానినదో మీకు చెప్పవలసియున్నది; ఏలయన, అందలి తప్పు నాదే.

మావారు బడిపంతులు. మే మద్దెకున్న యిల్లు చిన్నది, పాతది. మీటరునకు మంజూరైన లోడు 1 కిలోవాటు మాత్రమే. మా యత్తగారికి కీళ్లనొప్పులు. అయినను తెల్లవారకమునుపే స్నానముచేసి దీపము పెట్టనిదే యామె మంచినీరైన ముట్టరు. ఆమె కొరకు కొన్ని యేండ్ల క్రిందట 3 లీటర్ల గీజరొకటి కొంటిమి. చిన్నది గదా, కరెంటును కొంచెమే తీసికొనునని తలచితిమి. దానిమీద 3000 వాట్లని వ్రాసియుండెను గాని, ఆ యంకె కర్థమేమో మాలో నెవ్వరును విచారింపలేదు. దాని పెద్దప్లగ్గునకు అడాప్టరొకటి తగిలించి, దీపముల కొరకు వేసిన చిన్న సాకెట్టుననే పెట్టితిమి.

గడచిన పుష్యమాసమున ఫ్యూజు మాటిమాటికి కాలిపోజొచ్చెను. అత్తగారు చీకటిలో తడిబట్టతో వణకుచు నిలువవలసివచ్చెడిది. ఒకనాడు విసుగుచెంది, మెయిను స్విచ్చి ఆపి, సన్నని ఫ్యూజుతీగకు మారుగా మూడు పోగులు మెలివేసి నేనే బిగించితిని. మావారితో చెప్పలేదు.

నాలుగు దినములు ఫ్యూజు కాలలేదు. నా తెలివిని నేనే మెచ్చుకొంటిని. ఐదవనాడు వంటయింట నుండగా రబ్బరు మాడిన కంపు వచ్చెను. పరుగెత్తి చూతును గదా, స్నానాలగది వెలుపలి సాకెట్టు నల్లబడి కరుగుచున్నది; లోపల అత్తగారు నీళ్లు పోసికొనుచున్నారు! మెయిను స్విచ్చి ఆపి తలుపు తట్టితిని. “ఏమ్మా, మళ్లీ పోయిందా?” అని యామె శాంతముగా నడిగిరి. నా నోట మాట రాలేదు.

మావారి పూర్వశిష్యు డొకడు వైరింగుపని చేయుచున్నాడు. ఆ సాయంకాలమే వచ్చి, మెలివేసిన తీగను చేతబట్టుకొని, “ఫ్యూజు కాలటం దాని తప్పు కాదమ్మగారూ. గోడలో తీగ కాలకుండా ముందు తను కాలిపోతుంది. దాన్ని లావు చేస్తే గోడలోదే కాలుతుంది” అనెను. అప్పుడు అందరి యెదుటను నా పని ఒప్పుకొంటిని.

అతడు లెక్క విప్పి చెప్పెను. 230 వోల్టుల కరెంటున 3000 వాట్ల గీజరు 13 ఆంపియర్లు లాగును. మా సాకెట్టు 6 ఆంపియర్లది. స్తంభమునుండి మా యింటికి వచ్చు తీగయో, మొత్తము 3 కిలోవాట్లకు మించి పెట్టదగినది కాదు. మరల నట్టి గీజరే కొన్నచో, ఇంటి పాలంతయు నదియే మ్రింగును. కావున 2000 వాట్లది, 15 లీటర్లు పట్టు తొట్టి గలది, కొనుడనెను. తక్కువ వాట్లది నీరు కాచునా యని నాకు సందేహము. మావారు పలక తెచ్చి గుణించిరి. 25 డిగ్రీల నీరు 15 లీటర్లు 60 డిగ్రీలకు వచ్చుటకు సుమారు 0.6 యూనిటు కావలెను. 3000 వాట్లతో నది 12 నిమిషములపని. 2000 వాట్లతో 18 నిమిషములపని. కరెంటు ఖర్చొక్కటే, మన మోర్వవలసినది 6 నిమిషములు. ఆ నీటిని చన్నీటితో కలిపినచో 40 డిగ్రీల నీరు 35 లీటర్లగును. అత్తగారి స్నానమునకు ధారాళముగా చాలును.

ఇంటివారి యనుమతితో దరఖాస్తు పెట్టి, రుసుము చెల్లించి, 3 కిలోవాట్ల లోడు మంజూరు చేయించితిమి. మీటరుబోర్డునుండి గీజరునకై వేరుగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ, 16 ఆంపియర్ల సాకెట్టు, దానికొక ఎంసీబీ, సరియైన ఎర్తు వేయించితిమి. కరెంటు లీకైనచో తటాలున ఆపివేయు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీని కూడ పెట్టించితిమి.

ఇప్పుడు మా యింట నొక క్రమ మేర్పడినది. నాలుగున్నరకు గీజరు వేయుదును. నీరు కాగినపిమ్మట స్విచ్చి ఆపియే అత్తగారిని స్నానమునకు పిలుతును. తరువాతనే నీళ్లమోటారు, అది నిలిచినపిదప మిక్సీ, కడపట మావారి చొక్కాలకు ఇస్త్రీ. ఒకదాని వెంట నొకటి యన్నియు జరుగుచున్నవి. ఏదియు కొఱతపడలేదు.

అత్తగారు న న్నేమియు ననలేదు. ఒకమారు మాత్రము, “చలికి వణికితే వణికానమ్మా, దానికేం! నువ్వు ఎవరికీ చెప్పకుండా చేశావే, అదే నాకు భయం” అనిరి.

సోదరీమణులారా! మీ గీజరుమీద నెన్ని వాట్లని వ్రాసియున్నదో, మీ మీటరునకెంత మంజూరైనదో నేడే చూడుడు. తెలియనిచో తెలిసినవారి నడుగుడు. ఫ్యూజు కాలినచో దానిపై కోపింపక, ఏల కాలినదో విచారింపుడు. నే నడుగక చేసినపనికి ఆనాడు తలుపు వెనుక నున్నది మా యత్తగారు.