సహరీకి ఎంత, ఇఫ్తార్‌కి ఎంత

రంజాన్ నెల, సాయంత్రం నాలుగున్నర. ఇద్దరు కొడుకులు తల్లిని కుర్చీతో సహా మోసుకొచ్చి నా ముందు దించారు. ఒళ్లంతా చెమట, చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది. వేలు గుచ్చి చూస్తే షుగర్ 42. గ్లూకోజు నీళ్లు నోటి దగ్గర పెడితే పెదాలు బిగించింది. "ఇంకో రెండు గంటలేగా డాక్టర్ సాబ్" అంది. చిన్నకొడుకు ఏడుస్తూ బతిమాలితే గానీ తాగలేదు. తాగాక ఆవిడ ఏడ్చింది, రోజా పోయిందని.

తప్పు నాది. నెల ముందు చూపించుకోవడానికి వచ్చినప్పుడు "రోజా వద్దు" అని ఒక్క ముక్కలో తేల్చి పంపేశాను. ఉండదల్చుకున్నవాళ్లు ఎలాగూ ఉంటారు, మనకు చెప్పడం మానేస్తారు, అంతే. పొద్దున టిఫిన్‌కి ముందు వేసుకోవాల్సిన గ్లిమెపిరైడ్‌ని ఆవిడ తెల్లవారుజామున సహరీకి మింగింది. తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ కక్కించే మాత్ర అది. ఆపైన పగలంతా పచ్చి మంచినీళ్లు కూడా లేవాయె.

మర్నాడు వీధి చివరి మసీదుకెళ్లి ఇమామ్ సాబ్‌ని కలిశాను. జబ్బుపడ్డవాళ్లకు ఖురాన్‌లోనే సడలింపు ఉందని, ఆ రోజులు తర్వాత తీర్చుకోవచ్చని, అదీ చేతకాని వాళ్లు పేదవాడికి అన్నం పెట్టొచ్చని చెప్పారు. అంతా విని నేను లేవబోతుంటే, "అందరినీ వద్దంటే ఎవరూ వినరు. ఎవరు అసలే ఉండకూడదో, ఎవరు ఎలా ఉండొచ్చో చెప్పండి, జుమా బయాన్‌లో చెబుతాను" అన్నారు. చదువుకున్నవాణ్ణి, ఆ ప్రశ్న నాకు ముందే తట్టాల్సింది.

అప్పట్నుంచి ఏటా రంజాన్‌కి ముందొచ్చే షాబాన్ నెలలో, మసీదు వజూ కుళాయిల పక్కన ఒక బల్ల వేసుకుని కూర్చుంటున్నాను. గ్లిమెపిరైడ్ ఇఫ్తార్‌కి మారుస్తాను. రెండు పూటలా మిక్స్‌డ్ ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు పొద్దుటి డోసు ఇఫ్తార్‌కి, రాత్రి డోసులో సగం సహరీకి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకూ, ఈ మధ్యే షుగర్ పడిపోయి ఆస్పత్రి పాలైనవాళ్లకూ వద్దంటాను. 70 కంటే తగ్గినా, 300 దాటినా వెంటనే రోజా విప్పేయాలి, అజాన్‌కి పది నిమిషాలే ఉన్నా సరే. వేలు గుచ్చుకుంటే రోజా చెడదని మాత్రం ఇమామ్ సాబే చెబుతారు. ఆ భయంతోనే సగంమంది పగలు పరీక్ష చేసుకునేవారు కాదట.

హలీం తగ్గించమనే విషయంలో మాత్రం ఇద్దరం ఓడిపోయాం.

అన్నట్టు, అయ్యప్ప మాల వేసుకుని ఒంటిపూట భోజనం చేస్తూ, మాత్రలు పాత లెక్కనే మింగేవాళ్లూ నా దగ్గరికి వస్తారు. ఒక్క గురుస్వామినీ కలవలేదు నేను. మనవాళ్లేగా, చెబితే వింటారన్న ధీమా. వినరు.

ఆ పెద్దావిడ మరుసటేడు రంజాన్ అయ్యాక, మనవడి లెక్కల నోట్‌బుక్కు పట్టుకుని వచ్చింది. రోజుకి మూడేసి రీడింగులు, ఉర్దూలో. ఆరుచోట్ల ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది.

"ఇవేంటి ఖాలా?"

"విప్పేసిన రోజులు. చలికాలంలో తీర్చుకుంటాను. అప్పుడు పగలు పొట్టిగా ఉంటుంది కదా" అంది. "మాత్ర అప్పుడు కూడా ఇఫ్తార్‌కేనా?"