ఎర్ర మందు అయిపోయాక

బాన్సువాడ మాతాశిశు ఆసుపత్రి మీద రాయమని సంపాదకులు పంపారు. తల్లిపాలు పట్టించడంలో దేశస్థాయి గుర్తింపు తెచ్చుకున్న సర్కారు దవాఖానా అది. దాని గురించి రాయాల్సింది చాలానే ఉంది, మరోసారి రాస్తాను. ఈసారి మాత్రం నా మనసు దగ్గర్లోని ఒక పల్లె సబ్‌సెంటర్ వరండాలోనే ఉండిపోయింది.

మా పిన్ని కూతురు అక్కడ ఏఎన్‌ఎం. పలకరించిపోదామని వెళ్లేసరికి, బల్ల మీద కూర్చున్న ఒక పెద్దమ్మ కాళ్లు చూస్తోంది. రొమ్ము క్యాన్సర్‌కు హైదరాబాద్‌లో ఆపరేషన్, కీమో అయి వచ్చిన మనిషి. మా చెల్లెలు ఆమె చీర అంచు కాస్త జరిపి, చీలమండ పైన ఎముక మీద బొటనవేలు ఆనించి, తొందరపడకుండా నొక్కి పట్టింది. వేలు తీసేసరికి అక్కడ గుంట. ఎంతకీ పూడలేదు.

"రాత్రి ఎన్ని మెత్తలు పెట్టుకుంటున్నవ్ పెద్దమ్మా?"

"మొదలు ఒకటే ఉండె. ఇప్పుడు రెండు. వెల్లకిల పండుకుంటే దమ్మొస్తుంది బిడ్డా."

"మరి ఎవరికన్న చెప్పినవా?"

"ఎర్ర మందు ఎక్కిచ్చుకున్నోళ్లకు నీరసం ఉంటదన్నరు. గదే అనుకున్న."

ఎర్ర మందంటే డాక్సోరుబిసిన్. సెలైన్ గొట్టంలో ఎర్రగా దిగుతుంది, ఒకట్రెండు రోజులు మూత్రం కూడా ఎర్రగానే వస్తుంది. గడ్డను బాగా కరిగిస్తుంది కానీ గుండె కండరాన్నీ తింటుంది. అందుకే జీవితకాలం మొత్తం మీద ఒంటి ఉపరితలంలో చదరపు మీటరుకు 450 నుంచి 550 మిల్లీగ్రాములు దాటనివ్వరు. హెర్2 రకం క్యాన్సర్‌కు ఏడాది పాటు ఇచ్చే ట్రాస్టుజుమాబ్ కూడా గుండె బలాన్ని తగ్గించగలదు. అది వాడినంత కాలం మూడు నెలలకోసారి ఎకో, అంటే గుండె స్కాన్, తీయాలి. గుండె పంపింగ్ శాతం పది పాయింట్లకు పైగా పడి యాభై కిందికి వస్తే ప్రమాద సూచన.

ముందే పట్టుకుంటే ఏమవుతుందో మిలాన్‌లో డానియెలా కార్డినాలే బృందం 2010లో చూపించింది. ఎర్ర మందు కోవకు చెందిన మందుల వల్ల గుండె బలహీనపడ్డ 201 మందికి ఎనలాప్రిల్, వీలైనవాళ్లకు కార్వెడిలాల్ కూడా ఇచ్చారు. కీమో ముగిసిన రెండు నెలల్లోపు చికిత్స మొదలైనవాళ్లలో 64 శాతం మందికి గుండె పూర్తిగా కోలుకుంది. ఆరు నెలలు దాటాక మొదలుపెట్టినవాళ్లలో ఒక్కరికీ గుండె పూర్తిగా కోలుకోలేదు. ఆ మాత్రలు బాన్సువాడ మందుల షాపులోనూ దొరికేవే. దొరకనిది ఆ రెండు నెలల్లో కాలు నొక్కి చూసే మనిషి.

ఇక్కడే నాకు కోపం వస్తుంది. 2023 మార్చి 8న తెలంగాణలో ఆరోగ్య మహిళ క్లినిక్కులు పెట్టారు. మంగళవారం మంగళవారం ఆడవాళ్లకు రొమ్ములో గడ్డలున్నాయేమో చూడటం మొదలుపెట్టారు. ఎంతో మంచి పని. గడ్డ దొరికింది, పట్నం పంపారు, కీమో అయింది. ఇంటికొచ్చిన మనిషి ఆ తర్వాత ఎవరి లెక్కలోకి వస్తుంది? నూటయాభై కిలోమీటర్ల దూరాన ఉన్న డాక్టరు ఇచ్చిన తేదీ వచ్చేదాకా ఆమె ఆయాసం ఆమెదే. మెట్లెక్కితే దమ్ము, సాయంత్రానికి కాళ్లవాపు, వారంలో రెండు కిలోల బరువు పెరగడం: గుండె బలహీనపడ్డదని చెప్పే వీటిని మన ఇళ్లలో వయసు కిందో, నీరసం కిందో కట్టేస్తాం. ఆడమనిషి నీరసాన్ని పట్టించుకోవడం మనకు ఎప్పుడూ అలవాటు లేదు.

పెద్దమ్మ సంచిలోంచి కాగితాలు తీసి చూశాం. కీమోకు ముందు తీసిన ఎకో ఉంది, తర్వాతది లేదు. మందు పేరుంది, మొత్తం ఎంత ఎక్కిందో లేదు. మర్నాడు నిజామాబాద్‌లో ఎకో తీయిస్తే పంపింగ్ తగ్గిందని తేలింది, అదే రోజు మాత్రలు మొదలయ్యాయి.

బాన్సువాడలో నర్సులు ప్రతి బాలింత మంచం పక్కనా నిలబడి పాలు పట్టించడం నేర్పారు. అంత ఓపిక ఉన్న ఊరికి, కీమో అయి ఇంటికొచ్చినవాళ్లను కనిపెట్టుకోవడం చేతకాని పనేం కాదు. మా చెల్లెలు అడుగుతున్నది మరీ చిన్నది. పట్నం నుంచి వచ్చే కాగితం మీద మూడు సంగతులు తెలుగులో రాసివ్వాలట: ఎర్ర మందు మొత్తం ఎంత ఎక్కింది, చివరి ఎకోలో పంపింగ్ ఎంత, మళ్లీ ఎకో ఎప్పుడు. "అది రాసి పంపితే చాలన్నా, బరువు చూసుడు, కాళ్లు చూసుడు నేను చేసుకుంట" అంది.