చర్చి వెనుక మడి

సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగితే మాకు ముందుగా గుర్తొచ్చింది మా ఊరి చర్చి వెనుక కూరగాయల మడి. పీజీ చదివి పుంటికూర గురించి రాస్తారా అని తమ్ముళ్లు నవ్వుకోవచ్చు!

మాది మెదక్ జిల్లా. మెదక్ చర్చిని మీలో చాలామంది చూసే ఉంటారు. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర 1914లో పని మొదలుపెట్టిస్తే, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. గోపురం 175 అడుగుల ఎత్తు. లోపలి రంగుటద్దాల కిటికీలు పగటి వెలుగులోనే కనిపిస్తాయి, పొద్దుగూకితే ఏమీ తెలియదు. కరువు రోజుల్లో పనిచేసినవాళ్లకు తిండిపెట్టి కట్టించిన గుడి అది. చూడవచ్చినవాళ్లు ఎత్తూ వెడల్పూ అడుగుతారు, రాళ్లెవరు మోశారని అడగరు. మా తాతకు తాత మోశాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆయన పేరు ఎక్కడా రాసిలేదు.

మా ఊరి చర్చి ఒక్క గది, పెంకుల కప్పు. వెనుక మడిలో ఇంటికొక సాలు. వంకాయ, బెండకాయ, పుంటికూర, గోడవారన మునగచెట్టు. బోరు నీళ్లు వంతులవారీగా పెట్టేవాళ్లం. నీళ్ల వంతు దగ్గర జరిగినన్ని కొట్లాటలు ఊళ్లో మరెక్కడా జరగలేదేమో. కాసినదాంట్లో ముందు ముసలివాళ్లకు, మంచాన పడ్డవాళ్లకు. మిగిలింది కోత పండుగనాడు వేలం. ఒక్క సొరకాయను మూడు వందలకు పాడుకున్న రోజులున్నాయి. ఆ డబ్బు రేకు డబ్బాలో పడేది. హాస్టలు మాకు అన్నం పెట్టింది. డిగ్రీ పరీక్ష ఫీజు మాత్రం ఆ డబ్బాలోంచే వచ్చింది.

నిరుడు సంఘ పెద్దలు మడి చదును చేసి ఫంక్షన్లకు రేకుల షెడ్డు వేద్దామన్నారు. "చదువుకున్నోళ్లు, మీరే చెప్పండి" అని మమ్మల్నే అడిగారు. నిజం చెప్పాలంటే, అంతకుముందు పట్నం స్నేహితులు వచ్చినప్పుడు ఆ పెంటగుంత, ముళ్లకంచె చూసి సిగ్గుపడ్డాం. చర్చి ముందు నుంచే వాళ్లను తిప్పి పంపించాం. అందుకే ఆలోచించకుండా "షెడ్డే మంచిది" అనేశాం. అందరూ తలూపారు. నాయనమ్మ ఒక్క మాటా అనలేదు. కొడవలి పట్టుకుని వెళ్లి తన సాల్లో ఉన్న పుంటికూరంతా కోసుకొచ్చి ఇంటింటికీ పంచింది.

షెడ్డు లేచింది. రెండు పెళ్లిళ్లు జరిగాయి, బాగానే ఉంది. మునగచెట్టు మిగిలింది. మొన్నటి కోత పండుగకు వేలంలో పెట్టిన సొరకాయ అంగట్లో కొన్నది. తెచ్చింది మేమే, నలభై రూపాయలకు.